గుడి రాయి పిండిలా రాలుతోంది, బ్యాక్టీరియా చల్లవచ్చా?

మీరు అడిగినదాన్ని ముందు నా మాటల్లో చెప్తాను, నేను సరిగ్గా అర్థం చేసుకున్నానో లేదో మీకూ తెలుస్తుంది. ములుగు వైపు మీ ఊళ్లో కాకతీయుల నాటి శివాలయం ఉంది. గోడలు ఎర్ర ఇసుకరాయి. మండపంలో కొన్ని స్తంభాలు ఇసుకరాయి, కొన్ని నల్లరాయి. నంది నల్లరాయి, కింద అధిష్ఠానం గ్రానైట్. ఇసుకరాయి స్తంభాలు మోకాలి ఎత్తు వరకు పిండిలా రాలుతున్నాయి, చేయి తగిలితే పొరలు ఊడుతున్నాయి. బయటి గోడల మీద నల్లటి చారలు. కొన్నేళ్ల కింద దాతలు ఇచ్చిన డబ్బుతో మండపం లోపల, గుడి చుట్టూ సిమెంటు వేసి టైల్స్ పరిచారు. ఇప్పుడొక కాంట్రాక్టరు యాసిడ్‌తో కడిగి, పైన క్లియర్ కోటింగ్ కొడతానంటున్నాడు. మీరేమో ఇటలీలో బ్యాక్టీరియాతో పాలరాతి శిల్పాలను బాగుచేసిన వీడియో చూశారు. ఆ బ్యాక్టీరియా ఎక్కడ దొరుకుతుంది, యూరియా వేసి పెంచి మందు కొట్టే పంపుతో మనమే కొట్టుకోవచ్చా, భక్తులకు ఏమైనా ప్రమాదమా, ఇవీ మీ ప్రశ్నలు.

సూటిగా చెప్పాలంటే బ్యాక్టీరియా ఇప్పుడే వద్దు. యాసిడ్, కోటింగ్ ఎప్పటికీ వద్దు. మీ స్తంభాల జబ్బు టైల్స్ దగ్గర మొదలైంది, అక్కడికి తర్వాత వస్తాను. ముందు బ్యాక్టీరియా సంగతి పూర్తిగా చెప్పాలి. ఈమధ్య గుడి కమిటీల వాళ్లు ఇదే అడుగుతున్నారు. ఊరికే వద్దంటే, ఈయనకు కొత్త పద్ధతులు తెలియవులే అనుకుంటారు.

వీడియో అబద్ధం కాదు. కాకపోతే ఇలాంటి వీడియోల్లో రెండు వేర్వేరు పనులను కలిపేస్తుంటారు. వదులైన రాయిని గట్టిపరచడం ఒక పని. రాయి మీది మురికిని బ్యాక్టీరియాతో తినిపించడం ఇంకో పని. దేని బ్యాక్టీరియా దానిదే, దేని పద్ధతి దానిదే.

గట్టిపరిచే పనికి ఎక్కువగా పేరు వినిపించేది స్పోరోసార్సినా పాశ్చురీ. మట్టిలో ఉండేదే. ఇది యూరియేజ్ అనే ఎంజైమును తయారుచేస్తుంది. ఆ ఎంజైము యూరియాను విడగొడితే అమోనియా, కార్బోనేట్ వస్తాయి. అమోనియా వల్ల చుట్టూ ఉన్న నీళ్లకు క్షారగుణం పెరుగుతుంది. అప్పుడు ఆ నీళ్లలో కాల్షియం ఉంటే, కార్బోనేట్‌తో కలిసి కాల్సైట్‌గా గడ్డకడుతుంది. సున్నపురాయిలో, పాలరాయిలో ఉండే ఖనిజం ఇదే. ఈ గడ్డకట్టడం ఎక్కడపడితే అక్కడ జరగదు. బ్యాక్టీరియా కణం పైపొరకు రుణావేశం ఉంటుంది కాబట్టి కాల్షియం వచ్చి దానికే అంటుకుంటుంది, స్ఫటికం దాని చుట్టూనే పెరుగుతుంది. చివరికి ఆ కణం తాను కట్టిన రాతిలోనే సమాధి అయిపోతుంది. రేణువుకీ రేణువుకీ మధ్య ఇలా లక్షల చోట్ల జరిగితే వదులైన రాయి కాస్త బిగుస్తుంది.

ఈ ఆలోచనకు ఫ్రాన్స్‌లో 1990లో పేటెంట్ తీసుకున్నారు. 1993లో థువార్ అనే ఊళ్లో సెయింట్ మెదార్ చర్చి గోపురం మీద మొదటిసారి నిజమైన కట్టడానికి వాడారు. అది సున్నపురాయి. తర్వాత స్పెయిన్‌లో గ్రనాడా విశ్వవిద్యాలయం వాళ్లు మిక్సోకాకస్ జాంథస్ అనే వేరే బ్యాక్టీరియాతో చేసిన పని 2003లో వెలువడింది. యూరియా లేకుండానే కాల్సైట్ కట్టించారు. రాతి రంధ్రాలు మూసుకుపోకుండా అర మిల్లీమీటరు పైచిలుకు లోతు వరకు కొత్త కాల్సైట్ చేరింది. ఆ తర్వాత వాళ్లు ఇంకో అడుగు వేశారు. బయటి బ్యాక్టీరియాను తెచ్చి పోయడం ఎందుకు, రాతిలో ముందే కాపురం ఉన్నవాటికి సరైన తిండి పెడితే అవే కాల్సైట్ కడతాయి కదా అని, పోషక ద్రవం మాత్రమే చల్లి చూశారు. గ్రనాడాలోని సాన్ హెరోనిమో మఠం రాతి మీద అది పనిచేసింది. ఈ రంగంలో నాకు బాగా నచ్చిన పని ఇదే.

అర మిల్లీమీటరు అన్న మాటను గుర్తుపెట్టుకోండి. మీరు పంపిన ఫొటోల్లో ఊడుతున్న పొరలు అంతకు ఎన్నో రెట్లు మందంగా ఉన్నాయి. పొరకూ స్తంభానికీ మధ్య గోరు దూరేంత సందు ఉంది. పైపైన ఇసుకలా రాలే రాతిని బ్యాక్టీరియా పట్టి ఉంచగలదు గానీ, విడిపోయిన పలకను తిరిగి అతికించలేదు. దానికి సన్నని గ్రౌటు, అంటే సందుల్లో నింపే పలచని మిశ్రమం కావాలి, సూదితో ఎక్కించే ఓపికున్న చెయ్యి కావాలి.

ఇక యూరియా. మన దగ్గర బస్తాలకు కొదవ లేదు కాబట్టి అందరి చూపూ దాని మీదే పడుతుంది. ఒక్కసారి లెక్క చూడండి. 60 గ్రాముల యూరియా, 111 గ్రాముల కాల్షియం క్లోరైడ్ పూర్తిగా పనిచేస్తే 100 గ్రాముల కాల్సైట్ వస్తుంది. దాంతోపాటే 107 గ్రాముల అమోనియం క్లోరైడ్ వస్తుంది. కళాయి వేసేవాళ్లు వాడే నవాసాగరం ఇదే. అంటే రాయికి మీరు ఇచ్చే బలం కన్నా ఎక్కించే ఉప్పే ఎక్కువ. ల్యాబులో ఇసుక గొట్టంలో చేస్తే ఆ ఉప్పును కడిగేస్తారు. నిలబెట్టిన స్తంభాన్ని ఎలా కడుగుతారు? కడిగిన నీళ్లు ఇంకా లోపలికి పోతాయి. ఉప్పుతోనే పాడవుతున్న రాతికి ఇంకింత ఉప్పు పట్టించడమంటే అసలుకే ఎసరు.

అక్కడితో అయిపోదు. మిగిలిన అమోనియాను తినే బ్యాక్టీరియా వేరే ఉన్నాయి, నైట్రోసోమోనాస్ లాంటివి. అవి దాన్ని నైట్రైట్‌గా మారిస్తే, ఇంకో రకం దాన్ని నైట్రిక్ ఆమ్లం దాకా తీసుకుపోతుంది. ఆ ఆమ్లం మీరు కష్టపడి కట్టించిన కాల్సైట్‌నే కరిగిస్తుంది. పైగా 2015 నుంచి మన దేశంలో తయారయ్యే యూరియా మొత్తానికి వేపనూనె పూత తప్పనిసరి చేశారు. బస్తాలో యూరియాను కరిగిస్తే నీళ్లలో ఆ నూనె కూడా ఉంటుంది. దాన్ని పీల్చుకునే రాతి మీద కొట్టడం గురించి వేరే చెప్పక్కర్లేదు.

ఎరువుల దుకాణంలో బ్యాక్టీరియా ప్యాకెట్లు అమ్ముతున్నారు కదా, అవి సరిపోవా అని ఇంకొకరు అడిగారు. సూడోమోనాస్, ట్రైకోడెర్మా మిరప తోటకు, పత్తికి పనికొస్తాయి. రాతికి వాటితో పని లేదు. ట్రైకోడెర్మా అయితే అసలు బ్యాక్టీరియానే కాదు, శిలీంధ్రం. ఫాస్ఫరస్‌ను కరిగించే బ్యాక్టీరియా అని అమ్మేది ఇంకా ఘోరం. అది ఆమ్లాలు వదిలి మట్టిలో బిగుసుకున్న కాల్షియం ఫాస్ఫేట్‌ను కరిగిస్తుంది, దాని ఉద్యోగమే అది. సున్నం ఉన్న రాతి మీద కొడితే అక్కడా అదే ఉద్యోగం చేస్తుంది. అసలైన స్పోరోసార్సినా పాశ్చురీ కల్చర్ చండీగఢ్‌లోని ఎంటీసీసీ అనే సూక్ష్మజీవుల నిల్వ కేంద్రం దగ్గర ఉంటుంది. అది కాలేజీలు, పరిశోధన సంస్థలు తెప్పించుకునేది.

ఇప్పుడు అసలు సంగతి. ఇంతసేపూ చెప్పిన విజయాలన్నీ సున్నపురాయి మీద, పాలరాయి మీద, సున్నపు గార మీద. అక్కడ రాయీ కాల్సైటే, బ్యాక్టీరియా కట్టేదీ కాల్సైటే. కొత్త స్ఫటికం పాతదాన్ని ఆనుకుని పెరుగుతుంది. మన ఓరుగల్లు చుట్టుపక్కల ఉన్నది వేరు. కోట గోడలు గ్రానైట్. వేయి స్తంభాల గుడిలో అద్దంలా మెరిసే స్తంభాలు నల్లరాయి, అంటే డోలరైట్ జాతి. రామప్పలో గోడలకు ఇసుకరాయి, మండపం స్తంభాలకూ మదనికలకూ నల్లరాయి, విమానానికి, అంటే గర్భగుడి మీది శిఖరానికి, తేలికైన ఇటుక. గ్రానైట్, డోలరైట్ సిలికేట్ రాళ్లు, అంటే సిలికా ఖనిజాలతో ఏర్పడినవి, సున్నపువి కావు. వాటి మీద కాల్సైట్ అతుకులాగా కూర్చుంటుందే తప్ప రాతిలో భాగం కాదు. పైగా గాలిలో గంధకం వాయువులు ఉంటే ఆ కాల్సైట్ జిప్సంగా మారి అదే ఉబ్బుతుంది. బొగ్గు గనులు, థర్మల్ ప్లాంటు ఉన్న భూపాలపల్లి మీకు దూరమేమీ కాదు.

ఇసుకరాయి మాత్రం మధ్యరకం. ఇసుక రేణువుల్లో ఎక్కువ భాగం క్వార్ట్‌జ్, అందులో పెద్ద తేడా లేదు. వాటిని ఏది పట్టి ఉంచుతోందన్నదే ప్రశ్న. కొన్నింటిలో సిలికా, కొన్నింటిలో ఇనుప ఆక్సైడ్, కొన్నింటిలో బంకమట్టి, కొన్నింటిలో కాల్సైట్. కాల్సైట్ ఉన్న రకానికి బ్యాక్టీరియా పనికి రావచ్చు. మిగతావాటికి ఇథైల్ సిలికేట్ అనే రసాయనం ఎక్కువ పొత్తు కుదురుతుంది, అది రాతిలో సిలికా జెల్‌గా మారి రేణువులను పట్టుకుంటుంది. అది కూడా తడి రాతి మీద, ఉప్పు నిండిన రాతి మీద పనిచేయదు. కాబట్టి ఆ మాట ఇప్పుడే కాంట్రాక్టరు చెవిన వేయకండి.

మీ రాయి ఏ రకమో ఊళ్లోనే చూసుకోవచ్చు. కింద రాలిన పలకల్లో మందంగా ఉన్నదాన్ని తీసుకుని రెండుగా విరవండి. లోపలి భాగం నుంచి గోటితో కొంచెం పొడి గీకి గాజు పలక మీద వేయండి. హైస్కూలు ల్యాబులో పలచని హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఉంటుంది, సైన్స్ సారును అడిగి రెండు చుక్కలు వేయించండి. బుసబుసమని నురగ వస్తే కాల్సైట్ ఉన్నట్టు. కదలకుండా ఉండి, ఆమ్లం పసుపురంగుకు తిరిగితే అది ఇనుము. పైపైన రాలిన పొడితో ఈ పరీక్ష చేయవద్దు. అందులో సిమెంటు, పాత సున్నం వెల్లలు కలిసి ఉంటాయి, అవీ నురగ తెస్తాయి, మీరు మోసపోతారు. ఆమ్లం చుక్క స్తంభం దరిదాపులకు కూడా పోకూడదని వేరే చెప్పాలా?

రెండో పరీక్ష ఉప్పుకు. టిష్యూ పేపరును డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి గుజ్జు చేసి, రాలుతున్న చోటికి ఆనుకుని కాస్త గట్టిగా ఉన్న భాగం మీద అరచేయంత మేర మెత్తగా అద్దండి. ఎండిందాకా వదిలేయండి. ఎండేటప్పుడు రాతిలోని ఉప్పు గుజ్జులోకి వస్తుంది. దాన్ని తీసి మళ్లీ డిస్టిల్డ్ నీళ్లలో నానబెట్టి వడపోస్తే, ఇంటర్ పిల్లలు ప్రాక్టికల్స్‌లో చేసే సాల్ట్ అనాలసిస్సే ఇక్కడా చాలు. సిల్వర్ నైట్రేట్‌తో తెల్లగా విరిగితే క్లోరైడ్, బేరియం క్లోరైడ్‌తో విరిగితే సల్ఫేట్, బ్రౌన్ రింగ్ వస్తే నైట్రేట్. సల్ఫేట్ వస్తే మొదట సిమెంటును అనుమానించండి. నైట్రేట్ వస్తే గుడి వెనకాల పశువుల కొట్టమో, మురుగు కాలువో, ఎరువు పడే పొలమో ఉందేమో చూడండి. సారు దగ్గరుండి ఆ ఇంటర్ పిల్లల చేతే చేయిస్తే వాళ్లకూ ఉత్సాహంగా ఉంటుంది, గుడి మీద ఓ కన్నేసి ఉంచుతారు కూడా.

నల్ల చారల సంగతి. మిలాన్ కేథడ్రల్‌లో డీసల్ఫోవిబ్రియో వల్గారిస్ అనే బ్యాక్టీరియాతో తీసింది నల్ల పొరనే. కానీ ఆ నలుపు వేరు. నగరాల పొగలోని గంధకం పాలరాయిని జిప్సంగా మార్చి, ఆ జిప్సంలో మసి ఇరుక్కుని తయారైన పెచ్చు అది. ఈ బ్యాక్టీరియా గాలి తగలకుండా ఉంచితే సల్ఫేట్‌ను విడగొడుతుంది, పెచ్చు వదులవుతుంది, కింది పాలరాయి అలాగే ఉంటుంది. మీ గోడల మీద వాన నీళ్లు కారే దారి వెంట ఉన్న నలుపు అది కాకపోవచ్చు. పరీక్ష సులువు. ఎండగా ఉన్న రోజు ఆ చార మీద స్ప్రే బాటిల్‌తో నీళ్లు చల్లి కాసేపు ఆగండి. నలుపు పచ్చబారితే అది ప్రాణమున్నది. సయనోబ్యాక్టీరియా అంటారు, నాచులాంటిదే గానీ బ్యాక్టీరియా జాతి. ఎండాకాలమంతా నల్లటి పెచ్చులా పడి ఉండి, తొలకరికి లేచి కూర్చుంటుంది. అంటే బ్యాక్టీరియా కావాలని మీరు వెతుకుతున్నారు, అది వందల ఏళ్లుగా మీ గుడి మీదే ఉంది.

మండపం లోపలి నలుపు మళ్లీ వేరు. అది దీపాల మసి, నువ్వుల నూనె ఎండి బంకలా బిగిసిన జిడ్డు. ఇలాంటి సేంద్రియ మురికి మీద విదేశాల్లో మంచి పని జరిగింది. పీసాలో కాంపోసాంతో కుడ్యచిత్రాల మీద పాత మరమ్మతుల నాటి జంతువుల జిగురు గట్టిపడి ఏ రసాయనానికీ లొంగకపోతే, సూడోమోనాస్ స్టట్జెరీ (ఎరువుల దుకాణంలో దొరికేది కాదు, ఆ జాతిలోనే వేరే రకం) దాన్ని తినేసింది. ఫ్లారెన్స్‌లో మెడిచీ చాపెల్‌లో మైకెలాంజెలో చెక్కిన సమాధుల మరకలు తీయడానికి సెరేషియా ఫికారియాతో పాటు కొన్ని రకాలు వాడారు. మీరు చూసిన వీడియో బహుశా దీని గురించే. ఆ సమాధుల్లో ఒకదానిలో అలెస్సాంద్రో మెడిచీ శవాన్ని సరిగా శుద్ధి చేయకుండా పెట్టారని, అందులోంచి ఊరిన ద్రవాలే శతాబ్దాల తరబడి పాలరాయిని మరకపరిచాయని అంటారు. అక్కడ ఎవరూ పంపుతో కొట్టలేదు. ముందు కనపడని మూల చిన్నచిన్న గళ్లు గీసి, ఏ రకం ఏ మురికిని తింటుందో పరీక్షించారు. జెల్‌లో పట్టించి పెట్టి, కొంతసేపటికి తీసేశారు.

భక్తులకు ప్రమాదమా అని మీరు అడిగింది సరైన ప్రశ్నే. పైన చెప్పినవాటిలో మనుషులకు జబ్బు చేయనివాటిని చూసే ఎంచుకుంటారు. నాకు టెన్షన్ అంతా వాటికి పెట్టే తిండితోనే. కాల్సైట్ కట్టించే పోషక ద్రవంలో ప్రోటీన్ ఉంటుంది. స్పెయిన్‌లోని పొడి గాలిలో అది త్వరగా ఆరిపోతుంది. మన దగ్గర ఆషాఢం, శ్రావణంలో గర్భగుడి లోపల గోడలు చెమ్మగిల్లి ఉంటాయి, అభిషేకం పాలు, పెరుగు, తేనె నేల మీద పారుతూనే ఉంటాయి. అక్కడ మిగిలిన పోషకం మీద బూజు లేచిందంటే ఆస్పర్జిల్లస్ లాంటి శిలీంధ్రాలు రాతిలోకి దిగుతాయి, లోపల పూజ చేసేవాళ్ల ఊపిరితిత్తులకూ మంచిది కాదు.

ఇప్పుడు టైల్స్ దగ్గరికి వద్దాం. మోకాలి ఎత్తు వరకే రాలుతోందన్న మీ మాటలోనే జబ్బు పేరు ఉంది. నేలలో తేమ ఎప్పుడూ ఉంటుంది. పాత గుడిలో నేల రాతి పలకల సందుల్లోంచి ఆ తేమ ఆవిరైపోయేది. మీరు సిమెంటు వేసి టైల్స్ పరచడంతో ఆ దారులన్నీ మూసుకుపోయాయి. తేమకు మిగిలిన ఒకే దారి స్తంభం. లాంతరులో ఒత్తి కిరసనాయిల్‌ను పైకి లాగినట్టు ఇసుకరాయి ఆ నీటిని పైకి లాగుతుంది. నీరు ఎక్కడ ఆవిరవుతుందో అక్కడ ఉప్పు మిగులుతుంది. వానాకాలంలో ఆ ఉప్పు కరుగుతుంది, చలికాలం ఎండకు మళ్లీ స్ఫటికమవుతుంది. ప్రతిసారీ రాతి రంధ్రాల్లో ఇంకింత చోటు అడుగుతుంది. అందుకే పాదం బాగానే ఉండి, ఆ పై పట్టీ మాత్రమే పిండి అవుతుంది. పక్కనే ఉన్న నల్లరాయి స్తంభాలకు ఏమీ కాలేదని రాశారు చూడండి. డోలరైట్‌లో రంధ్రాలు దాదాపు ఉండవు, నీళ్లు పైకి ఎక్కవు. ఒకే నేల మీద రెండు రకాల స్తంభాలు రెండు రకాలుగా ఉండడమే మీకు సాక్ష్యం.

దీని మీద కోటింగ్ కొడితే ఏమవుతుందో ఊహించండి. నీళ్లు కింది నుంచి వస్తూనే ఉంటాయి, బయటికి పోయే దారి మూసుకుంటుంది. ఉప్పు పైన కాకుండా కోటింగ్ వెనకాల స్ఫటికమవుతుంది. అప్పుడు రాలేది పొడి కాదు, శిల్పం ముఖంతో సహా అట్ట ఊడి వస్తుంది. యాసిడ్ అయితే క్లోరైడ్ ఉప్పును ఉచితంగా ఇస్తుంది, ఎర్ర ఇసుకరాతిలోని ఇనుమును కరిగించి తుప్పు మరకలు చేస్తుంది. ప్రెషర్ వాటర్ జెట్ కూడా అంతే, వద్దు.

చేయాల్సింది ఇది. ప్రతి స్తంభం చుట్టూ, బయటి గోడల పొడుగునా అడుగు వెడల్పున టైల్స్, కింద సిమెంటు తీయించండి. స్తంభం వైపు నుంచి బయటికి కొడుతూ రావాలి, డ్రిల్లింగ్ మిషన్ పెట్టకూడదు. ఆ పట్టీలో పెద్ద కంకర, పైన సన్న కంకర నింపి వదిలేయండి, తేమ అక్కడి నుంచి పోతుంది. అభిషేకం నీళ్లు సోమసూత్రం నుంచి బయటికి వచ్చాక గోడ పక్కనే ఇంకకుండా దూరంగా పోయేలా కాలువ చేయండి. కప్పు మీద పలకల సందులు, గోడ సందులు సిమెంటుతో పూడ్చి ఉంటే మెల్లగా తీయించి డంగు సున్నంతో నింపించండి. మన పాత మేస్త్రీలు కరక్కాయ, బెల్లం నానబెట్టి పులియబెట్టిన నీళ్లు కలిపేవాళ్లు. పులియడమంటే సూక్ష్మజీవుల పనే. ఆ నీటిలోని పదార్థాలు సున్నంలో కాల్సైట్ ఎలా పెరగాలో నిర్ణయిస్తాయి. బ్యాక్టీరియాను కట్టడంలో వాడాలన్న ముచ్చట ఉంటే ఇక్కడ తీర్చుకోండి.

తర్వాత ఆగాలి. ఒక వానాకాలం, ఒక ఎండాకాలం గడవనివ్వండి. కమిటీకి ఇదే కష్టమని నాకు తెలుసు, చేసిన పని కనపడకపోతే చందా ఇచ్చినవాళ్లు అడుగుతారు. స్తంభం మీద తడి ఎంత ఎత్తు వరకు ఎక్కిందో నెలనెలా టేపుతో కొలిచి నోటుబుక్కులో రాసి పెట్టండి, అది చూపించండి. ఉప్పు మిగిలి ఉంటే ఇందాకటి కాగితం గుజ్జునే మళ్లీ మళ్లీ అద్ది లాగవచ్చు. ఊడబోతున్న పలకలను పీకవద్దు. ఇప్పటికే పడిపోయినవాటిని, ఏ స్తంభానివో చీటీ రాసి, అట్టపెట్టెలో భద్రపరచండి.

నల్ల చారలకు తొందర లేదు. రాతిపువ్వు, నాచు ఎండగా ఉన్నప్పుడు గీకితే వాటి వేళ్లతో పాటు ఇసుక రేణువులూ వస్తాయి. పురావస్తు శాఖ వాళ్లు మామూలుగా వాడేది చాలా పలచని అమోనియా, న్యూట్రల్ డిటర్జెంట్ కలిపిన నీళ్లు, మెత్తని బ్రష్. అదీ గట్టిగా ఉన్న రాతి మీదే, వాళ్ల మనిషి దగ్గర ఉండగానే.

ఇంకో సంగతి, ఏ పనికైనా ముందు మీ గుడి రక్షిత కట్టడమో కాదో తెలుసుకోండి. కేంద్ర పురావస్తు శాఖ జాబితాలో ఉంటే టైల్స్ తీయడానికి కూడా వాళ్ల అనుమతి కావాలి. కట్టడానికి నష్టం చేస్తే రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా చట్టంలో ఉన్నాయి. రాష్ట్ర జాబితాలో ఉంటే హెరిటేజ్ తెలంగాణ వాళ్లను, ఏ జాబితాలోనూ లేకుండా దేవాదాయ శాఖ కింద ఉంటే వాళ్లను అడగండి. వరంగల్‌లో వారసత్వ కట్టడాల కోసం పనిచేసే ఇంటాక్ సంస్థ విభాగం ఉంది, ఎన్ఐటీ ఉంది, కాకతీయ యూనివర్సిటీలో మైక్రోబయాలజీ ఉంది. ఉత్తరం రాస్తే ఎవరో ఒకరు వచ్చి చూస్తారు.

ఆ యూనివర్సిటీ పిల్లలెవరైనా బ్యాక్టీరియా ప్రయోగం చేస్తామని వస్తే కాదనకండి. కానీ స్తంభాలు ఇవ్వకండి. గుడి ఆవరణలో చెక్కడం లేని విరిగిన ఇసుకరాయి ముక్కలు పడి ఉంటాయి, అవి ఇవ్వండి. ఒక ముక్కకు బ్యాక్టీరియా, పోషకం రెండూ, ఇంకోదానికి పోషకం మాత్రమే, మూడోదానికి ఉత్త నీళ్లు పట్టించి, మూడింటినీ గుడి పక్కనే వానకు, ఎండకు పెట్టమనండి. సెల్లో టేపు అంటించి లాగితే ఏ ముక్క నుంచి ఎంత పొడి వస్తుందో తూకం వేయవచ్చు. రెండో ముక్క కూడా గట్టిపడితే గ్రనాడా వాళ్లు చెప్పినట్టు మీ రాతిలోని సొంత బ్యాక్టీరియానే చాలన్నమాట. కాల్షియం క్లోరైడ్ బదులు కాల్షియం అసిటేట్ వాడమని మాత్రం గట్టిగా చెప్పండి. బెంగళూరు ఐఐఎస్‌సీ వాళ్లు ఇస్రోతో కలిసి 2020లో ఇదే స్పోరోసార్సినాతో, యూరియాతో, గోరుచిక్కుడు గింజల జిగురుతో చంద్రుడి మట్టిలాంటి పొడిని ఇటుకలుగా కట్టించారు. అక్కడ ఉప్పు మిగిలినా అడిగేవాళ్లు లేరు.

మన వైపు ఈ పద్ధతికి నిజంగా సరిపోయేది ఏదంటే పెద్దపల్లి జిల్లా ధూళికట్ట బౌద్ధ స్తూపం సున్నపురాతి పలకలు, సూర్యాపేట వైపు ఫణిగిరి శిల్పాలు, పాత కోటల్లో మహళ్లలో మిగిలిన గచ్చు. మామూలు సున్నపు తేటతో అలాంటివాటిని గట్టిపరచాలంటే లీటరుకు రెండు గ్రాముల సున్నం కూడా కరగదు, పదుల సార్లు పట్టించాలి. అక్కడ బ్యాక్టీరియా పోటీకి నిలబడుతుంది. అది చేయాల్సింది కూడా శాఖలు, ల్యాబులు.

కాంట్రాక్టరుకు అడ్వాన్సు ఇచ్చామని చివర్లో రాశారు. వెనక్కి అడిగి గొడవ పడకండి. టైల్స్ తీయడం, కంకర పోయడం, కాలువ తవ్వడం అతనికి వచ్చిన పనే. అనుమతి కాగితం చేతికొచ్చాక ఆ డబ్బుకు ఆ పని చేయించుకోండి, యాసిడ్ డబ్బాలు మాత్రం గుడి గేటు లోపలికి రానివ్వకండి.